మా తాతయ్య తన పొలంలో తానే దిగకుండా ఆర్డరు

తిరువూరు,
తేది 18-7-2004, ఆదివారం.

శ్రీయుత మండల రెవెన్యూ అధికారి గారి సముఖమునకు, తిరువూరు కాపురస్తురాలు, పదో తరగతి చదువుచున్న వి. సౌజన్య సవినయంగా వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: మా తాతగారైన దశరథరామయ్య గారు తన సొంత పొలంలోకి, తన సొంత కాళ్ళతో, అక్టోబరు 31వ తేదీ వరకు దిగరాదని తమరు ఆర్డరు ఇప్పించుట గురించి, సదరు ఆర్డరు మీద గుండ్రటి సీలు, పచ్చ ఇంకు సంతకం తప్పనిసరిగా ఉండుట గురించి.

పొలం తగాదాలు తమ దగ్గరికి చాలా వస్తుంటాయని తెలుసు. ఇది తగాదా కాదండి. గట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, పాసు పుస్తకం సరిగానే ఉంది, అన్నదమ్ములెవరూ కొట్టుకోవడం లేదు. పొలం ఆయనదే. ఆయన అందులో దిగకూడదు. అంతే.

అర్జీ రాయడం నాకిదే మొదటిసారి. మాది ఇంగ్లీషు మీడియం. మా స్కూల్లో లీవ్ లెటరు దాకానే నేర్పారు. అందుకని మా తాతయ్య ట్రంకుపెట్టెలో దాచుకున్న పాత అర్జీల నకళ్ళు తీసి, చూసి రాస్తున్నాను. కాలవ నీళ్ళ గురించి పదకొండు, కరెంటు గురించి ఏడు, పక్క పొలం వారి వేపచెట్టు నీడ మా వరి మీద పడుట గురించి ఒకటి ఉన్నాయి. ఎక్కడైనా నీళ్ళ గురించి గానీ వేపచెట్టు గురించి గానీ పొరపాటున వచ్చేస్తే మన్నించగలరు.

ఈ అర్జీ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకూడదు. ఆర్డరు మాత్రం ఇంటికే పంపండి, కానీ అర్జీ ఇచ్చింది ఎవరో అందులో రాయవద్దు. "విశ్వసనీయ సమాచారం మేరకు" అని రాస్తే సరిపోతుంది.

ఇక నా మనవులు:

1. మా తాతయ్యకి షుగరు వచ్చి పన్నెండేళ్ళయింది. దాన్ని ఆయన గౌరవించే పద్ధతి ఏమిటంటే, కాఫీలో పంచదార మానేస్తారు. మానేసినందుకు తనకి తానే బహుమానంగా, వేసవి వస్తే రోజూ రెండు రసాలు తింటారు. ఆ మామిడిపళ్ళు దొంగతనంగా అందించేది నేనే. ఇది నేరమైతే రాసుకోండి.

షుగరు వల్ల ఆయన అరికాళ్ళకి స్పర్శ పోయింది. పోయిన ఏడాది ఒకరోజు మంచం మీద కాళ్ళు చాపుకుని పేపరు చదువుతుంటే చూశాను, పాదంలో తుమ్మముల్లు ఉంది. ఎప్పటి నుంచి ఉందో ఆయనకే తెలియదు.

"తాతయ్యా, నీ కాల్లో ముల్లుంది."

"ఉండనీవే. నేనేమన్నా అద్దె అడుగుతున్నానా?"

2. మా పొలంలో నాట్లు మొదలయ్యే రోజు మొదటి నారు కట్ట రైతే నాటాలి. ఆడవాళ్ళంతా గట్టు మీద నిలబడి ఉంటారు. తాతయ్య చెప్పులు విప్పి, పంచె ఎగగట్టి, నీళ్ళు పెట్టి దమ్ము చేసిన మడిలో పిక్కల్లోతు దిగి, ఈశాన్యం మూల నాలుగు మొక్కలు గుచ్చి, చేతికంటిన బురద కళ్ళకద్దుకుంటారు. అప్పుడు నాట్ల కూలీల ముఠాని తెచ్చే మాణిక్యమ్మ "ఇక దిగండే" అంటుంది. అప్పటిదాకా ఒక్కరూ దిగరు. నలభై మూడేళ్ళుగా ఇదే వరస.

పోయిన ఆగస్టులో కూడా దిగారు. అప్పటికే ఆయన కుడికాలి మడమ పగిలి పుండయింది. గట్టు మీద నేనూ ఉన్నాను.

"తాతయ్యా, పుండుంది కదా, తడవనివ్వద్దన్నారు కదా."

"ప్రోగ్రెస్ కార్డు" అన్నారు తాతయ్య.

అంతే. నేను నోరు మూసుకున్నాను. ప్రోగ్రెస్ కార్డు అంటే ఏమిటో ఏడో అంశంలో మనవి చేసుకుంటాను. ఇప్పుడే చెప్పడానికి ధైర్యం చాలట్లేదు.

3. మూడు వారాలకి ఆయనకి జ్వరం వచ్చింది. వచ్చింది పోలేదు. మలేరియా అన్నారు, బిళ్ళలు ఇచ్చారు. టైఫాయిడ్ అన్నారు, సెలైన్లు ఎక్కించారు. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి మీద మచ్చ కనపడేసరికి టీబీ అన్నారు. టీబీ మందులు అయిదు నెలలు వాడారు. డెబ్బై ఆరు కిలోల మనిషి యాభై రెండయ్యారు. ఆయన చొక్కాలో ఆయన్ని వెతుక్కోవలసి వచ్చేది.

ఇక్కడ ఒక విషయం ఉంది. ఇది తమకి తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా తాతయ్య ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా నన్ను వెంట తీసుకెళ్తారు. డాక్టరు తెలుగులోనే అడుగుతారు. తాతయ్య మాత్రం "మా మనవరాలు చెప్తుందండి, ఇంగ్లీషు మీడియం" అని కుర్చీలో వెనక్కి వాలి కూర్చుంటారు. టీబీ అన్న డాక్టరు గారు కూడా, టీబీ అనక ముందు ఒక ప్రశ్న అడిగారు. పొలంలో ఒట్టి కాళ్ళతో దిగుతారా, కాళ్ళకి పుండ్లేమన్నా ఉన్నాయా అని. తాతయ్య నా వైపు చూశారు. పక్కనే మా నాయనమ్మ శివపార్వతి గారు ఉన్నారు. బురదలో దిగనని ఆవిడకి ఆయన ఒట్టేసి ఉన్నారు.

నేను "నో సార్, హి ఆల్వేస్ వేర్స్ చెప్పల్స్ సార్" అన్నాను.

"వెరీ గుడ్" అని డాక్టరు గారు కాగితం మీద రాసుకున్నారు. బయటికొచ్చాక తాతయ్య "ఎంత బాగా మాట్లాడిందో చూశావా!" అని నాయనమ్మతో అన్నారు. ఆ వెరీ గుడ్ నాకింకా వినపడుతూనే ఉంది. లెక్కల పేపరు మీద ఒక్కసారి కూడా రాని మాట, అబద్ధానికి వచ్చింది.

4. ఏప్రిల్లో మోకాలు వాచి చీము పడితే విజయవాడ తీసుకెళ్ళారు. అక్కడ ఉమామహేశ్వరి గారని డాక్టరమ్మ చీము తీసి పరీక్షకి పంపారు. "మట్టిలో ఉండే పురుగు కనపడింది, సీసాలో పొరపాటున పడి ఉంటుంది, పట్టించుకోనక్కర్లేదు" అని జవాబొచ్చింది. ఆవిడ కళ్ళజోడు తీసేశారు.

"మట్టి పురుగు మోకాలి లోపలికి బస్సెక్కి వచ్చిందా?" అన్నారు.

మళ్ళీ తీయించి పెద్ద ల్యాబుకి పంపిస్తే అప్పుడు తేలింది. మెలియాయిడోసిస్. తడి మట్టిలో, నిలవ నీళ్ళలో ఉండే సూక్ష్మజీవి. మామూలు మనుషుల జోలికి అంతగా రాదట. షుగరున్న వాళ్ళ ఒంట్లోకి పుండ్లలోంచి దూరితే మాత్రం ఊపిరితిత్తుల్లో, కీళ్ళలో, ఎక్కడ పడితే అక్కడ కాపురం పెట్టేస్తుందట. చూడ్డానికి అచ్చం టీబీలా ఉంటుందట. టీబీ మందుకి లొంగదట.

"పెద్దాయన బురదలో దిగుతారా?" అని డాక్టరమ్మ అడిగారు. నాయనమ్మే చెప్పేశారు. "దిగరండి. దిగినా చెప్పులుంటాయి. మా పిల్ల చూస్తుందిగా." నేను తల ఊపాను. అది రెండో అబద్ధం. దానికి ఇంగ్లీషు కూడా వాడలేదు.

అప్పుడు మా తాతయ్య, చేతికి సెలైన్ ఉండగానే, మంచం మీద లేచి కూర్చున్నారు.

"ఆ పురుగు ఏ సర్వే నంబరులో ఉందమ్మా?"

"ఏ నంబరులోనైనా ఉండొచ్చండి."

"మా దాంట్లో లేదు. మాకు కార్డుంది."

నిజంగానే ఉంది. 1998లో వ్యవసాయ శాఖ వారు ఇచ్చిన మట్టి పరీక్ష కార్డు. ఆయన దాన్ని ఆసుపత్రికి కూడా తెచ్చుకున్నారు. నత్రజని తక్కువ, భాస్వరం మధ్యస్థం, పొటాష్ ఎక్కువ. "ఇందులో పురుగు గడి ఎక్కడుందో చూపించండి" అని డాక్టరమ్మ చేతికిచ్చారు. పాపం ఆవిడ ముందూ వెనకా తిప్పి చూశారు.

"లేదండి."

"మరి?" అని తాతయ్య పడుకున్నారు. కేసు గెలిచినట్టే పడుకున్నారు.

నేను తమకే ఎందుకు రాస్తున్నానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. మా తాతయ్యకి డాక్టర్లంటే గౌరవమే గానీ భయం లేదు. ప్రభుత్వ కాగితం అంటే రెండూ ఉన్నాయి. మూడేళ్ళ క్రితం తమ ఆఫీసు నుంచి పాసు పుస్తకం గురించి మెమో వస్తే, స్నానం చేసొచ్చి, ఉత్తరీయం వేసుకుని, నిలబడి చదివారు. కాలవ గట్టు తవ్వరాదని ఒకసారి నోటీసొస్తే, ఆ ఏడాదంతా కర్ర పట్టుకుని ఎండ్రకాయల్ని కూడా తవ్వనివ్వలేదు.

5. మూడు వారాలు ఇంజెక్షన్లు చేసి జూన్ ఒకటిన ఇంటికి పంపారు. అక్టోబరు ఆఖరు దాకా బిళ్ళలు, పొద్దున రెండు, సాయంత్రం రెండు. బిళ్ళలు చిన్నవి కావు, చొక్కా బొత్తాల కన్నా పెద్దవి. "మధ్యలో ఆపితే పురుగు చావదు. లోపలే దాక్కుని మళ్ళీ లేస్తుంది. రెండోసారి నేనేం చెప్పలేను" అని డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పారు. ఆవిడ కూడా నన్నే నమ్మారు, ఇంగ్లీషు మీడియం అని.

బురదలో దిగొద్దని, మడి వైపు వెళ్ళక తప్పకపోతే వేసుకోమని మా నాన్న మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లు కొన్నారు. మా నాన్న తాతయ్య ముందు కుర్చీలో కూర్చోరు, ఇక బూట్లు వేసుకోమని చెప్పేదెక్కడ? ద్వారబంధం దగ్గర పెట్టేసి కొట్టుకి వెళ్ళిపోయారు. తాతయ్య వాటిని వేసుకుని నారుమడిలోకి రెండంటే రెండు అడుగులు వేశారు. మూడో అడుగుకి ఎడమ బూటు బురదలోనే ఉండిపోయింది, కాలొక్కటే పైకొచ్చింది. ఒంటికాలి మీద కొంగలాగా ఊగుతుంటే మాణిక్యమ్మ గట్టు మీద కూలబడి నవ్వింది. "రైతుగారూ, బూటు నాటేశారు, ఎన్ని బస్తాలవుద్దో!" ఆ రోజు నుంచి బూట్లు వసారా మూలకి చేరాయి.

పోయిన గురువారం ఆ బూట్లు నాకు సరిపోతాయేమోనని కాలు పెట్టాను. లోపల గలగలమంది. బోర్లిస్తే ముప్పై రెండు బిళ్ళలు. ఎనిమిది రోజుల మందు.

"తాతయ్యా! ఏంటిది?"

"అరవకే. కాళ్ళ జబ్బుకి మందు కాళ్ళ దగ్గరే ఉంటే తప్పేంటి?"

నాకు నవ్వొచ్చేసింది. అదే ఆయన దగ్గర వచ్చిన చిక్కు, తిట్టాల్సినప్పుడు నవ్వొస్తుంది. తర్వాత ఆయన మెల్లిగా "కడుపులో తిప్పుతోందే తల్లీ. అన్నం ముద్ద దిగట్లేదు. నాకు తగ్గిపోయిందిలే" అన్నారు. డాక్టరమ్మకి ఫోన్ చేద్దాం, బిళ్ళ మారుస్తారేమో అన్నాను.

"ప్రోగ్రెస్ కార్డు" అన్నారు.

6. ఇది తమ పరిధిలోది కాదని తెలుసు, దేవాదాయ శాఖ కిందికి వస్తుందేమో. అయినా మనవి చేస్తున్నాను. తాతయ్యకి నయమైతే ఆయన్ని చెప్పుల్లేకుండా కాలినడకన నెమలి ఊళ్ళో గుడికి తీసుకొస్తానని మా నాయనమ్మ వేణుగోపాలస్వామికి మొక్కుకున్నారు. మొక్కింది ఆవిడ, నడవాల్సింది ఈయన. అదీ వానాకాలంలో. "నీ కాళ్ళతో మొక్కుకోవచ్చుగా నాయనమ్మా" అంటే, "జబ్బు ఆయనదైతే నా కాళ్ళెందుకే?" అన్నారు. స్వామివారికి కూడా ఆర్డరు వేయగలిగితే వేయించగలరు.

7. ప్రోగ్రెస్ కార్డు. పోయిన ఏడాది జూలై యూనిట్ టెస్టులో నాకు లెక్కల్లో యాభైకి పదకొండు వచ్చాయి. నాన్న సంతకం కావాలి. నేను ఏడుస్తూ కూర్చుంటే తాతయ్య పిలిచి, అడక్కుండానే "సంరక్షకుడు" అన్న చోట తన సంతకం చేసేశారు. అర్జీల మీద చేసే పొడుగు సంతకం. దానికి బదులు ఆయన కాళ్ళ సంగతి, రసాల సంగతి నేను ఎవరికీ చెప్పకూడదు. తర్వాత అలా ఇంకో అయిదు కార్డులు. వార్షిక పరీక్షల్లో వందకి ఇరవై తొమ్మిది. అన్నీ ఆయన ట్రంకుపెట్టెలో, వేపచెట్టు అర్జీ కింద ఉన్నాయి. మా నాన్న మాత్రం నేను ఇంజినీరింగు చదువుతానని కొట్టుకొచ్చే వాళ్ళందరికీ చెప్తుంటారు.

మొదట్లో ఆ ఒప్పందం చాలా బాగుండేది. ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వుకునేవాళ్ళం. కానీ నాకు పోయింది మార్కులు, ఆయనకి పోయింది ఇరవై నాలుగు కిలోలు. లెక్కలు రాని నాకు కూడా ఈ లెక్క తప్పని తెలుస్తోంది.

8. ఈ గురువారం, 22వ తేదీన మా నాట్లు. బోరు కింద మడి దమ్ము చేసి తయారుగా ఉంది. తాతయ్య పంచె ఉతికించి పెట్టుకున్నారు. మాణిక్యమ్మని బతిమాలాను, ఈసారికి ఆయన్ని దింపకుండా మొదలెట్టమని.

"రైతు దిగకుండా మేమెట్టా దిగుతాం పాపా? పైరుకి మంచిది కాదు."

"ఆయనకి షుగరు మాణిక్యమ్మా. మట్టిలో పురుగుందంట."

"షుగరు నాకూ ఉందంటగా. బిళ్ళలైపోయి నెల్లాళ్ళాయె."

"నీ కాళ్ళకి పుండ్లున్నాయా?"

"నాటేసే కాళ్ళకి పుండ్లు లేకుండా ఉంటయ్యా?" అని నవ్వుతూ కాలెత్తి చూపించింది. వేళ్ళ సందులన్నీ తెల్లగా ఒరిసిపోయి ఉన్నాయి. మాణిక్యమ్మ ఏం చెప్పినా నవ్వే నేను అప్పుడు నవ్వలేదు. డాక్టరమ్మ చెప్పినప్పుడు నేను మా తాతయ్య కాళ్ళ గురించే ఆలోచించాను. ఆ మడిలో ఇంకా పద్నాలుగు మంది కాళ్ళుంటాయి.

కావున నా ప్రార్థన ఏమనగా, ఆర్డరు ఈ కింది విధంగా ఉంటే బాగుంటుంది. తమకి శ్రమ లేకుండా నేనే రాసి పెట్టాను:

"రైతు దశరథరామయ్యకు తెలియజేయునది ఏమనగా, విశ్వసనీయ సమాచారం మేరకు, తాము ది. 31-10-2004 వరకు బురద, నీరు నిలిచిన ఏ మడిలోనూ కాలు పెట్టరాదు. బిళ్ళలు రోజుకు నాలుగు, నోటితో మాత్రమే మింగవలెను. బూటులో వేసినచో మింగినట్లు పరిగణించబడదు. కడుపులో తిప్పినచో అదే రోజున డాక్టరు గారికి తెలియజేయవలెను. మాణిక్యమ్మ మరియు ముఠాలో షుగరున్న వారెవరైనా పుండ్లు మానే వరకు గట్టు మీది పనే చేయవలెను, కూలి తగ్గించరాదు. ఉల్లంఘించిన యెడల సదరు రైతు ఇంతవరకు పెట్టుకొనిన అర్జీలన్నియు, వేపచెట్టు అర్జీతో సహా, కొట్టివేయబడును."

ఆఖరి వాక్యం తీసేయకండి. ఆయన భయపడేది దానికే.

నాకు చాలా భయంగా ఉందండి. నవ్వు కూడా వస్తోంది. రాస్తుంటే రెండూ కలిసిపోయి అక్షరాలు వంకరపోయాయి. గురువారం లోపల ఈ పదహారేళ్ళ పిల్ల మొర చిత్తగించవలెను. ఆలస్యమైతే చిత్తగించడానికి ఏమీ మిగలదు.

ఇట్లు,
తమ విధేయురాలు,
అబద్ధం చెప్పిన మనవరాలు,
వి. సౌజన్య

తా.క. సోమవారం పొద్దున. అర్జీలో సర్వే నంబరు రాయలేదని ఇప్పుడు గుర్తొచ్చింది. నకళ్ళలో ఆ చోట పురుగు తినేసింది. నంబరు లేని అర్జీ తీసుకోరేమోనని తాతయ్యనే అడిగాను. "మన పొలం సర్వే నంబరెంత తాతయ్యా? ఊరికే, జనరల్ నాలెడ్జికి."

"ఏ శాఖకి రాస్తున్నావే?" అన్నారు.

నలభై ఏళ్ళు అర్జీలు రాసిన మనిషి ముందు నిలబడలేకపోయాను. అర్జీ ఇచ్చేశాను. కళ్ళజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. మధ్యలో రెండుసార్లు నవ్వారు, బూటు దగ్గరా కొంగ దగ్గరా. మూడో అంశం దగ్గర ఆగి మళ్ళీ చదివారు.

"డాక్టరు దగ్గర ఆ మాట నా కోసమే అన్నావా?"

"కార్డు కోసం కూడా."

తాతయ్య నీళ్ళు తెమ్మన్నారు. రెండు బిళ్ళలు మింగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చి, ఎర్ర పెన్సిలుతో పంతొమ్మిది తప్పులు దిద్దారు. తమకి ఇస్తున్నది తిరగరాసిన కాపీ. చింపేద్దామన్నాను. రాసిన అర్జీ వెనక్కి తీసుకోకూడదని ఒప్పుకోలేదు. కింది భాగం ఆయన స్వహస్తం.

ఎదుటి పార్టీ వాంగ్మూలం: పై అర్జీలోని విషయములు యథార్థము. సర్వే నంబరు 204/2. కొంగ అన్న మాటకు మాత్రం అభ్యంతరము కలదు. డాక్టరమ్మకు ఈ ఉదయమే ఫోన్ చేసి ఇద్దరము ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి, తిట్టినారు, కడుపులో తిప్పుటకు మందు చెప్పినారు. మాణిక్యమ్మను రేపు నేనే ఆసుపత్రికి తీసుకొని పోయెదను. ప్రోగ్రెస్ కార్డుల విషయం ఇంటిలో తేల్చుకొనెదము, తమ శాఖకు సంబంధం లేదు. మొక్కు చెప్పులతో తీర్చుటకు నా భార్య ఇంకా సమ్మతించలేదు. గురువారం మొదటి కట్ట అర్జీదారే నాటును. బూట్లు ఆమెకు సరిపోయినవి. ఆమె పాదములకు పుండ్లు లేవని కళ్ళజోడు పెట్టుకొని నేనే చూచితిని. నేను గట్టు మీద కుర్చీ వేసుకొని కూర్చుందును.

అయినను ఆర్డరు ఇప్పించగలరు. నీరు పెట్టిన మడిని చూచినచో నా కాళ్ళ మీద నాకే నమ్మకం లేదు.

— దశరథరామయ్య, రైతు